మంచి గడ్డే అన్నారు, మరి రేపటి సంగతి?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు దవాఖానల్లో రొమ్ము గడ్డ రిపోర్టు చేతికిచ్చేటప్పుడు తరచూ వినిపించే మాట ఒకటుంది: "మంచి గడ్డేనమ్మా, భయపడాల్సిన పని లేదు." వారం పది రోజులుగా కంటి మీద కునుకు లేని మనిషికి ఆ మాటతో ప్రాణం లేచొస్తుంది. రిపోర్టును నాలుగు మడతలు పెట్టి, స్కానింగ్ ఫిలింతో పాటు పాలిథిన్ కవర్లో దోపుకొని దేవరకొండ బస్సో, అచ్చంపేట బస్సో ఎక్కేస్తారు. ఇంటికి చేరి నాలుగు రోజులు గడిచాక ఇంకో ప్రశ్న మొదలవుతుంది. ఇప్పటికైతే క్యాన్సర్ కాదు. రేపు అవుతుందా?

ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. వైద్యశాస్త్రం కూడా దశాబ్దాలుగా అదే అడుగుతోంది. చిక్కల్లా జవాబు వెతికే చోటు దగ్గరే వస్తోంది. "రక్తపరీక్షలో అంతా తెలిసిపోతుందట" అని ఎవరో చుట్టాలు చెబుతారు. పట్నంలో ల్యాబు వాళ్ల హెల్త్ ప్యాకేజీలో "క్యాన్సర్ మార్కర్లు", అంటే క్యాన్సర్ జాడ చూపుతాయని చెప్పే పదార్థాలు, అనే వరస కనబడుతుంది. రొమ్ముకు సంబంధించి అందులో ఎక్కువగా ఉండేది సీఏ 15-3. కూలి డబ్బులో, పత్తి అమ్మిన డబ్బులో పెట్టి ఆ పరీక్ష చేయించుకుంటారు. అంకె తక్కువొస్తే ఇక జన్మలో భయం లేదనుకుంటారు. ఎక్కువొస్తే ఇంటిల్లిపాదీ టెన్షన్‌లో పడతారు. రెండూ పొరపాటే. మంచి గడ్డ వచ్చిన స్త్రీకి మున్ముందు ఎంత ముప్పుందో తేల్చి చెప్పే మార్కర్ రక్తంలో ఇంతవరకు దొరకలేదు. ఉన్నంతలో గట్టి ఆధారం ఆ మడతపెట్టిన రిపోర్టులోనే, చాలామంది చదవకుండా వదిలేసే రెండు మూడు పదాల్లోనే ఉంది.

సీఏ 15-3 కొలిచేది దేన్ని?

రొమ్ములో పాలు తయారయ్యే చిన్న చిన్న గుత్తులుంటాయి. అక్కడి నుంచి పాలు మోసుకొచ్చే సన్నటి నాళాలుంటాయి. నాళం లోపలి వరస కణాల మీద మ్యూక్-1 అనే జిగురు ప్రొటీను ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కణానికి దిక్కు తెలుసు. ఆ ప్రొటీనును నాళం బోలు వైపు తిరిగిన ముఖం మీదే పెట్టుకుంటుంది, రక్తం వైపు పెట్టదు. క్యాన్సర్ కణం ఆ దిక్కు మరిచిపోతుంది. ప్రొటీను కణం చుట్టూ పరుచుకుని, ముక్కలుగా ఊడి రక్తంలో కలుస్తుంది. సీఏ 15-3 పరీక్ష లెక్కపెట్టేది ఆ ముక్కలనే.

మంచి గడ్డలో కణాలు పెరిగినా నాళం కట్టుబాటు మామూలుగా చెడదు, గోడ తెగదు. కాబట్టి రక్తంలో ఈ అంకె పెద్దగా మారదు. క్యాన్సరే అయినా చిన్నగా ఉన్నంతకాలం రక్తంలోకి చేరే ముక్కలు తక్కువే. తొలి దశ రొమ్ము క్యాన్సర్‌లో పదిమందిలో ఒకరిద్దరికి మించి సీఏ 15-3 హద్దు దాటదు. ఎముకలకో, లివర్‌కో పాకిన తర్వాత ఎక్కువమందిలో దాటుతుంది. అందుకే ఈ పరీక్ష అసలు చోటు వేరు. జబ్బు ముదిరి చికిత్స నడుస్తున్నవారిలో మందు పనిచేస్తోందా లేదా అని, స్కానింగ్‌తో కలిపి చూసుకోవడానికి ఇది అక్కరకొస్తుంది. మరోవైపు లివర్ జబ్బుల్లోనూ, కొన్నిసార్లు మంచి గడ్డల్లోనూ, ఏ జబ్బూ లేని కొందరిలోనూ ఊరికే పెరుగుతుంది. సీఈఏ అనే ఇంకో మార్కర్ సంగతీ ఇంతే, పొగ తాగేవాళ్లలో కూడా అది పెరిగి కనిపిస్తుంది. రొమ్ము క్యాన్సర్‌ను ముందుగా పట్టడానికి ఈ రెండింటినీ వాడొద్దని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం మార్గదర్శకాలు ఏనాడో చెప్పాయి.

ఒక లెక్క వేసి చూద్దాం. నలభై దాటిన వెయ్యిమంది స్త్రీలకు ఈ పరీక్ష చేశారనుకుందాం. వాళ్లలో ఇద్దరికి ఇంకా బయటపడని చిన్న క్యాన్సర్ ఉందనుకుందాం. తొలి దశలో పరీక్షకు దొరికేది పదింట ఒకటో రెండో కాబట్టి, ఆ ఇద్దరూ తప్పిపోయే అవకాశమే ఎక్కువ. మిగతా 998 మందిలో నూటికి ఐదుగురికి అంకె ఊరికే హద్దు దాటినా యాభై మంది అవుతారు. ఆ యాభై మందీ బాణం గుర్తు పడ్డ కాగితం పట్టుకొని ల్యాబుల చుట్టూ తిరుగుతారు. ఇంకా పెద్ద నష్టం ఆ ఇద్దరికి. "నార్మల్" అని రాసిన కాగితం చేతిలో ఉంది కదా అని, చేతికి తగులుతున్న గడ్డను కూడా పట్టించుకోకుండా ఆరు నెలలు గడిపేస్తారు.

నల్లగొండ జిల్లా వాళ్లకు ఇలాంటి తేడా కొత్తేమీ కాదు. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందంటే ఆ ఊరికి ముప్పుందని అర్థం. ఫలానా ఇంట్లో ఫలానా పిల్లకు కాళ్లు వంకర పోతాయని ఆ అంకె చెప్పదు. ఎముకకు ఏమైందో చూడాలంటే ఎక్స్‌రే తీయాల్సిందే. నీటి పరీక్ష ముందున్న ముప్పును చెబుతుంది, ఎక్స్‌రే ఇప్పుడున్న జబ్బును చూపిస్తుంది. రెండూ కావాల్సినవే. రొమ్ము విషయంలో సీఏ 15-3 ఈ రెండు పనుల్లో ఏదీ చేయదు. ముందున్న ముప్పును చెప్పదు, తొలి దశ జబ్బునూ చూపదు.

నీటి పరీక్ష లాంటివి: హార్మోన్లు

రక్తంలో ముప్పుకు సంబంధించిన జాడలు అసలే లేవని కాదు. నెలసరి ఆగిపోయిన స్త్రీల రక్తాన్ని ముందే తీసి భద్రపరచి, తర్వాత ఎవరికి క్యాన్సర్ వచ్చిందో చూసిన తొమ్మిది అధ్యయనాలను కలిపి 2002లో విశ్లేషించారు. ఈస్ట్రడయోల్ అనే హార్మోను అందరికన్నా ఎక్కువున్న ఐదోవంతు మందిలో, అందరికన్నా తక్కువున్న ఐదోవంతు మందితో పోలిస్తే ముప్పు సుమారు రెట్టింపు ఉంది. టెస్టోస్టిరాన్ వంటి హార్మోన్లదీ దాదాపు అదే తీరు. ఎదుగుదలకు సాయపడే ఐజీఎఫ్-1 ఎక్కువున్నవారిలోనూ ముప్పు కొంత ఎక్కువని, 17 అధ్యయనాలను కలిపి 2010లో చేసిన లెక్క తేల్చింది. అక్కడ పెరుగుదల మూడోవంతుకు కూడా చేరలేదు.

ఇందులో వెనకున్న పని తెలుసుకోదగ్గది. నెలసరి ఆగాక అండాశయం ఈస్ట్రోజెన్ చేయడం దాదాపు మానేస్తుంది. అప్పుడు ఒంట్లోని కొవ్వు ఆ పని ఎత్తుకుంటుంది. కొవ్వు కణజాలంలో అరోమటేజ్ అనే ఎంజైము ఉంటుంది, అది ఇతర హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తుంది. కొవ్వు పెరిగితే ఆ తయారీ కూడా పెరుగుతుంది. పైగా ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైతే, హార్మోన్లను పట్టి ఉంచే ప్రొటీను లివర్‌లో తక్కువ తయారై, వదులుగా తిరిగే ఈస్ట్రోజెన్ ఇంకా పెరుగుతుంది. నాటు వేసి, కలుపు తీసిన తరం పోయి టీవీ ముందు కూర్చునే తరం వచ్చిన ఊళ్లలో ఇది పట్టించుకోవాల్సిన సంగతి.

మరి దీన్ని పరీక్షగా ఎందుకు వాడరు? ముప్పున్న గుంపు అంకెలు, లేని గుంపు అంకెలు చాలావరకు ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి. ఒక మనిషి అంకె చూసి ఆమె ఏ గుంపులో ఉందో చెప్పడం కుదరదు. నెలసరి ఉన్నవాళ్లలో అయితే ఈస్ట్రడయోల్ నెల మధ్యలో ఒకటి, చివర్లో ఇంకొకటి. కాబట్టి ఇది ఊరి బోరు అంకె లాంటిదే. పరీక్ష చేయించుకోకుండానే దాని సారాన్ని వాడుకోవచ్చు. నెలసరి ఆగాక బరువు పెరగకుండా చూసుకోవడం, ఒళ్లు వంచడం ముప్పు తగ్గించే పనులు. పిల్లలకు ఎక్కువ కాలం పాలివ్వడమూ కాస్త కాపాడుతుంది. కల్లు ఆరోగ్యానికి మంచిదని గట్టిగా నమ్మే ప్రాంతం కాబట్టి ఇంకో మాట దాచకుండా చెప్పాలి. కల్లు గానీ, సారా గానీ, బీరు గానీ, మద్యం ఏ రూపంలో ఉన్నా రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచుతుంది. రోజూ తాగే కొద్దీ ఆ పెరుగుదల కూడా మెట్టు మెట్టుగా సాగుతుంది.

రక్తంతో చేసే పరీక్షల్లో ముప్పును నిజంగా తేల్చేది ఒక్కటుంది, అది జన్యు పరీక్ష. మార్పు వస్తే రొమ్ము క్యాన్సర్ ముప్పును బాగా పెంచే జన్యువులు రెండున్నాయి. 1994లో బీఆర్‌సీఏ-1ను, 1995లో బీఆర్‌సీఏ-2ను గుర్తించారు. తల్లికో, అక్కచెల్లెళ్లకో చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్ వచ్చినా, ఇంట్లో అండాశయ క్యాన్సర్ ఉన్నా దాని గురించి డాక్టరుతో మాట్లాడాలి. అది పుట్టుకతో వచ్చిన మార్పును చూస్తుంది, గడ్డను కాదు.

స్లైడ్ మీద కనబడేది

గడ్డ నుంచి తీసిన ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, పారాఫిన్ మైనంలో పోతపోసి, వెంట్రుక కన్నా చాలా సన్నటి పొరగా కోసి, గులాబీ, ఊదా రంగులద్ది మైక్రోస్కోపు కింద పెడతారు. మామూలు పాలనాళం అడ్డంగా కోసిన గొట్టంలా, మధ్యలో బోలుగా, చుట్టూ రెండే రెండు వరసల కణాలతో కనిపిస్తుంది. కొందరిలో ఆ వరసలు మూడు, నాలుగు అవుతాయి, బోలు నిండుతూ వస్తుంది. అలా నిండినా కణాలు రకరకాల సైజుల్లో, సంతలో జనంలా ఒకరినొకరు తోసుకుంటూ ఉంటే అది మామూలు పెరుగుదల. అలా కాకుండా కణాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు, గుండ్రంగా, ఎడం ఎడంగా, గట్టి గోడల్లా నిలబడి ఉంటే, స్లైడ్ చూసే డాక్టరు, అంటే పాథాలజిస్టు, కళ్లు చిట్లించి ఇంకోసారి చూస్తారు. దాన్నే రిపోర్టులో ఎటిపికల్ హైపర్‌ప్లేసియా అని, క్లుప్తంగా ఎటిపియా అని రాస్తారు. క్యాన్సర్ కాదు, కానీ కణాల నడతలో తేడా వచ్చింది.

ఈ తేడాకు ఇంత విలువ ఉందని గట్టిగా నిరూపించింది అమెరికాలోని నాష్‌విల్‌లో విలియం డ్యూపాంట్, డేవిడ్ పేజ్ చేసిన పని. పాత బయాప్సీలు, అంటే ముక్క పరీక్షలు, పదివేలకు పైగా బయటికి తీసి, స్లైడ్లన్నీ మళ్లీ చూసి, ఆ స్త్రీలలో 3,303 మందికి తర్వాత ఏమైందో వెతికి 1985లో ఫలితాలు ప్రకటించారు. మంచి గడ్డ అని బయాప్సీ జరిగినవారిలో 70 శాతం మందికి కణాల పెరుగుదలే లేదు, వాళ్లకు ముప్పూ పెరగలేదు. వాళ్లతో పోలిస్తే, పెరుగుదల ఉండి ఎటిపియా లేనివాళ్లకు ముప్పు సుమారు రెట్టింపు. ఎటిపియా ఉన్నవాళ్లకు ఐదు రెట్ల పైచిలుకు. అప్పటిదాకా "ఫైబ్రోసిస్టిక్ జబ్బు" అని ఒకే గాట కట్టి అందరినీ భయపెట్టిన పేరుకు ఆ రోజుతో విలువ తగ్గింది. రొమ్ములో నొప్పి, నెలసరి ముందు బరువు, చిన్న చిన్న ముడులు చాలావరకు వయసుతో వచ్చే మార్పులేనని 1987లో కార్డిఫ్ వైద్యులు కొత్త వర్గీకరణే తయారుచేశారు.

ఇరవై ఏళ్ల తర్వాత 2005లో అమెరికాలోనే మేయో క్లినిక్ అనే పెద్ద దవాఖాన వాళ్లు 9,087 మంది స్త్రీలతో అదే ప్రశ్నకు మళ్లీ జవాబు వెతికారు. సాధారణ స్త్రీలలో ఉండే ముప్పుతో పోలిస్తే ఎటిపియా ఉన్నవారికి 4.24 రెట్లు, ఎటిపియా లేని పెరుగుదలకు 1.88 రెట్లు, పెరుగుదల లేనివారికి 1.27 రెట్లు. ఊరు మారినా, పాథాలజిస్టులు మారినా వరస మారలేదు. పాలు తయారయ్యే గుత్తులు వయసుతో ముడుచుకుపోవడం కూడా లెక్కలోకి వస్తుందని అదే బృందం 2006లో చూపింది. సాధారణ స్త్రీల ముప్పుతో పోలిస్తే, పూర్తిగా ముడుచుకుపోయిన రొమ్ములో ముప్పు 0.91 రెట్లు, ఏమాత్రం ముడుచుకోనిదాంట్లో 1.88 రెట్లు. బయోకెమిస్ట్రీ ఏదీ లేకుండా, కంటితో చూసి చెప్పిన మాట ఇది.

"నాలుగు రెట్లు" అనగానే గుండె గుభేలుమంటుంది కాబట్టి దాన్ని విడమరచాలి. మేయో లెక్కల్లో ఎటిపియా ఉన్న వందమందిలో 25 ఏళ్లలో సుమారు 30 మందికి క్యాన్సర్ వచ్చింది. అంటే పాతికేళ్ల తర్వాత కూడా 70 మందికి రాలేదు. అదీ అమెరికా స్త్రీల సంగతి, అక్కడ రొమ్ము క్యాన్సర్ మొదటినుంచీ ఎక్కువ. మన దేశంలో నమోదైన చోట్లలో హైదరాబాద్‌ది పై వరస, 2020లో వచ్చిన జాతీయ రిజిస్ట్రీ నివేదికలో వయసు సవరించిన రేటు లక్షమంది స్త్రీలకు 48. అమెరికాది దానికి దాదాపు రెట్టింపు. పల్లెల్లో రేటు నగరం కన్నా తక్కువే ఉంటుంది. రెట్లు అవే అనుకున్నా, మొదటి అంకె చిన్నదైతే తుది అంకె కూడా చిన్నదవుతుంది. ఎటిపియా కూడా అరుదే, మంచి గడ్డల బయాప్సీల్లో నూటికి నాలుగు దాకా ఉంటుంది.

సూది పరీక్ష దగ్గర ఆగిపోతే

జిల్లాల్లో ఎక్కువగా జరిగేది సూది పరీక్ష. సన్నటి సూదితో కణాలు లాగి, స్లైడ్ మీద పులిమి చూస్తారు. చవక, వేగం, కుట్లుండవు. ఈ గడ్డ క్యాన్సరా కాదా అన్నదానికి అనుభవమున్న చేతిలో అది బాగానే జవాబిస్తుంది. కానీ పైన చెప్పిన వరసలు, గోడలు, అమరిక సూదిలో రావు. ఇల్లు కూలగొట్టి ఇటుకలు తెచ్చి పోస్తే ఇటుక మంచిదో కాదో తెలుస్తుంది గానీ ఎన్ని గదులుండేవో తెలియదు కదా. ఎటిపియాను నమ్మకంగా తేల్చాలంటే లావు సూదితో తీసే కోర్ బయాప్సీ గానీ, గడ్డ మొత్తం తీసి చేసే ముక్క పరీక్ష గానీ కావాలి. ప్రతి గడ్డకూ ముక్క పరీక్ష అక్కర్లేదు. ఇరవై ఏళ్ల అమ్మాయికి చేతికింద గోలీలా జారే ఫైబ్రోఅడినోమా అనే మంచి గడ్డ, స్కానింగ్‌లో కూడా అలాగే కనబడితే, డాక్టరు ఆరు నెలలకోసారి చూద్దాం అనడంలో తప్పు లేదు. చెయ్యి, స్కానింగ్, సూది ఈ మూడూ ఒకే మాట చెప్పనప్పుడు మాత్రం అక్కడ ఆగకూడదు.

ఇంకొకటి, బాధపెట్టే సంగతి. చిన్న నర్సింగ్ హోముల్లో గడ్డ తీసేసి, "కొవ్వు గడ్డే" అని చెప్పి, ముక్కను ల్యాబుకు పంపకుండా పారేసే సందర్భాలుంటాయి. కొన్నిసార్లు ఖాళీ డబ్బాలోనో, సెలైన్‌లోనో వేసి బంధువుల చేతికిస్తారు. ఫార్మలిన్ లేకపోతే కణజాలం గంటల్లో చెడిపోతుంది, పట్నం ల్యాబుకు చేరేసరికి చూడటానికి ఏమీ మిగలదు. గడ్డ పోయింది, ముప్పు గురించి చెప్పగల ఒక్క సాక్షీ దాంతోనే పోయింది. తీసిన గడ్డ ఏదైనా ముక్క పరీక్షకు పంపుతారా అని ఆపరేషన్‌కు ముందే అడగడం ఆ స్త్రీ హక్కు. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. మెడికల్ కాలేజీ అంటే పాథాలజీ విభాగం కూడా ఉంటుంది. పాత నల్లగొండ జిల్లాలోనే బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది, క్యాన్సర్ అని తేలితే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ దవాఖాన ఉంది.

కణజాలంలో కొత్త గుర్తుల వేట

ఎటిపియా ఉన్న ముప్పై మంది ఎవరు, డెబ్బై మంది ఎవరు? ఇక్కడే బయోకెమికల్ మార్కర్లు నిజంగా అవసరం, పరిశోధకుల కష్టం కూడా ఎక్కువగా ఇక్కడే పడింది. కీ-67 అనే ప్రొటీను విభజనలో ఉన్న కణంలోనే కనబడుతుంది. దాన్ని కనుగొన్న జర్మనీ నగరం కీల్ పేరే దానికి పెట్టారు. ఎటిపియాలో ఇది ఎక్కువున్నవారికి మొదటి పదేళ్లలో క్యాన్సర్ ముప్పు ఎక్కువని, ఆ తర్వాత ఆ తేడా కరిగిపోతుందని మేయో పరిశోధన 2010లో చూపింది. వాపుకు సంబంధించిన కాక్స్-2 ఎంజైము గాఢంగా ఉన్న ఎటిపియాలోనూ ముప్పు ఎక్కువ కనబడింది. క్యాన్సర్‌లో చూసే ఇతర ప్రొటీన్లు, ఈస్ట్రోజెన్ గ్రాహకాలు, పీ53, హర్-2 అన్నింటినీ మంచి గడ్డల్లో వెతికారు. కొన్నిచోట్ల లంకె దొరికింది, కొన్నిచోట్ల దొరకలేదు. రంగు ఎంత పడితే "ఎక్కువ" అనాలన్నది ఒక్కో ల్యాబులో ఒక్కోలా ఉంది. అందుకే వీటిలో ఏదీ రోజువారీ రిపోర్టులోకి రాలేదు.

నీటి గడ్డల కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. సిస్టులో సూది గుచ్చి లాగితే సిరంజిలోకి గడ్డి రంగుదో, పచ్చటిదో, నల్లటి టీ డికాక్షన్ లాంటిదో నీరొస్తుంది. గడ్డ చేతికింద అక్కడికక్కడే మాయమవుతుంది. ఆ నీటిని పరీక్షిస్తే రెండు రకాలని తేలింది. ఒకదాంట్లో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, దాని గోడ కణాలు చెమట గ్రంథి కణాల్లా చురుగ్గా పనిచేస్తుంటాయి. ఇంకోదాంట్లో సోడియం ఎక్కువ, దాదాపు రక్తరసంలాగే. పొటాషియం రకంలో హార్మోన్లు, పెరుగుదల పదార్థాలు బాగా పేరుకుంటాయి కాబట్టి ముప్పు కూడా అందులోనే ఎక్కువుండాలని చాలామంది ఆశగా ఊహించారు. చవకైన సోడియం, పొటాషియం పరీక్షతో తేలిపోతే ఎంత బాగుండేది! కొన్ని అధ్యయనాలు అవునన్నాయి. 1999లో ఎడిన్‌బరా వైద్యులు చాలాకాలం గమనించి, సిస్టు ఏ రకమన్నదాన్నిబట్టి ముప్పు మారడం లేదని చెప్పారు. అంతటితో ఆ పరీక్ష దవాఖాన దాకా రాలేదు.

మన మెడికల్ కాలేజీల బయోకెమిస్ట్రీ విభాగాల్లో ఎక్కువగా జరిగే పని ఇంకోటుంది. మాలొండయాల్డిహైడ్, సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్, సియాలిక్ ఆమ్లం, ఎల్‌డీహెచ్ వంటి రక్తంలోని పదార్థాలను ఆరోగ్యవంతుల్లో, మంచి గడ్డ ఉన్నవారిలో, క్యాన్సర్ ఉన్నవారిలో కొలిచి సగటులు పోల్చడం. మంచి గడ్డ అంకె తరచూ ఆ రెంటికీ మధ్యలో పడుతుంది. "చూశారా, మంచి గడ్డ క్యాన్సర్ దారిలో సగం వచ్చింది" అని అనిపిస్తుంది. ఆ నిర్ణయం అక్కడ నిలవదు. ముగ్గురు వేర్వేరు మనుషులను ఒకే రోజు కొలిచిన అంకెలవి. ఒకే మనిషి పదేళ్లలో ఏమైందో అవి చెప్పవు. రక్తహీనత, ఇన్ఫెక్షన్, పొగాకు, బీడీ పని ఏది ఉన్నా ఈ అంకెలు కదులుతాయి. ముప్పు గురించి మాట్లాడాలంటే ఇవాళ మంచి గడ్డ ఉన్న స్త్రీని ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ చూడగలగాలి.

నాష్‌విల్, మేయో చేయగలిగింది అదే. పాత బ్లాకులు, అంటే గడ్డ ముక్కను పోతపోసిన మైనపు దిమ్మెలు, బీరువాల్లో ఉన్నాయి, మనుషుల చిరునామాలు దొరికాయి. పాలమూరులో ఆ దారం ఎక్కడికక్కడ తెగుతుంది. సూది పరీక్ష మహబూబ్‌నగర్‌లో, ఆపరేషన్ హైదరాబాద్‌లో, ఆ ఏడాది చివర్లో కుటుంబం మొత్తం ముంబైకో, పుణేకో వలస. ఐదేళ్లకు రెండో గడ్డ వస్తే చూసే డాక్టరుకు మొదటి గడ్డ గురించి "అప్పుడు మంచిదే అన్నారు" అన్న మాట తప్ప ఏమీ దొరకదు. మన స్త్రీల లెక్కలు మనకు లేకపోవడానికి ల్యాబు యంత్రాలు లేకపోవడం కన్నా ఇదే పెద్ద కారణం.

ఎటిపియా అని రాసి ఉంటే

అప్పుడు చేయదగ్గది ఉంది కాబట్టే ఆ పదం అంత ముఖ్యం. కోర్ బయాప్సీలో ఎటిపియా వస్తే, పక్కనే ఇంకేమైనా దాగి ఉందేమోనని ఆ భాగాన్ని తీసి చూడటం గురించి సర్జన్ మాట్లాడతారు. తర్వాత ఏటా డాక్టరు చేతి పరీక్ష, మామోగ్రామ్ అనే రొమ్ము ఎక్స్‌రే. ముప్పు ఆ ఒక్క రొమ్ముకే పరిమితం కాదు కాబట్టి రెండు రొమ్ములనూ చూడాలి. మందు కూడా ఉంది. 13,388 మంది స్త్రీలతో అమెరికా, కెనడాల్లో జరిగి 1998లో వెలువడిన పరీక్షలో, రొమ్ములో ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే టామాక్సిఫెన్ మాత్ర రొమ్ము క్యాన్సర్‌ను మొత్తమ్మీద 49 శాతం, ఎటిపియా ఉన్నవారిలో 86 శాతం తగ్గించింది. రక్తం గడ్డకట్టడం, గర్భాశయ పొర క్యాన్సర్ వంటి దుష్ప్రభావాలున్నాయి కాబట్టి అందరికీ ఇవ్వరు. రోజుకు 5 మిల్లీగ్రాముల చిన్న మోతాదు మూడేళ్లు వాడినా మేలుందని 2019లో ఇటలీ నుంచి వచ్చిన ఫలితం ఆ భయాన్ని కొంత తగ్గించింది. వాడాలా వద్దా అన్నది వయసు, గర్భం ఆలోచన, ఇతర జబ్బులు చూసి డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాల్సిందే.

ఎటిపియా లేనివాళ్లకు, అంటే అత్యధికులకు, ఈ హడావుడి ఏదీ అక్కర్లేదు. మామూలు స్త్రీలందరికీ చెప్పే జాగ్రత్తే వాళ్లకూ చాలు. ముప్పై దాటినవారికి ఐదేళ్లకోసారి ఏఎన్‌ఎం చేతి పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. 2023 మార్చి 8న రాష్ట్రంలో మొదలైన ఆరోగ్య మహిళ క్లినిక్కుల్లో మంగళవారాలు మహిళలకు ఈ పరీక్ష పెట్టారు. చేతి పరీక్ష కదా అని తీసిపారేయడానికి లేదు. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్లు లక్షన్నర మంది స్త్రీలను ఇరవై ఏళ్లు గమనించి 2021లో చెప్పింది చూడాలి. శిక్షణ పొందిన సాధారణ ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో చూసినందువల్ల జబ్బు ముందు దశలో దొరికింది. యాభై దాటిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. సీఏ 15-3 ఏ ప్యాకేజీలో ఎన్నిసార్లు చేయించినా ఇలాంటి ఫలితం ఎక్కడా చూపలేదు.

ఇక ఆ పాలిథిన్ కవరు. అందులోని ముక్క పరీక్ష రిపోర్టు పైమూలలో ఒక బయాప్సీ నంబరు, ఏడాది ఉంటాయి. బ్లాకు మీదా, స్లైడ్ మీదా అదే నంబరు రాసి ఉంటుంది. రిపోర్టును ఫోన్లో ఫోటో తీసి, ఇంట్లో చదువుకున్న బిడ్డకు పంపి, ఆ నంబరును ఆరోగ్యశ్రీ కాగితాల వెనక కూడా రాసుకోవచ్చు. ఊరు వదిలి వెళ్లేటప్పుడు స్లైడ్లు, బ్లాకు అడిగి తీసుకోవచ్చు. బ్లాకు అగ్గిపెట్టె కన్నా చిన్నది, ఎండ తగలని చోట పెడితే ఏళ్లకేళ్లు చెడదు. రేపు ఏదైనా కొత్త మార్కర్ నిలబడితే, పాత బ్లాకులోంచి ఇంకో సన్నటి పొర కోసి, కొత్త రంగు అద్ది, అదే గడ్డను మళ్లీ చూడొచ్చు.